ఇంటి పనిముట్లు: బండి నిద్రించినను బ్యాటరీ నిద్రింపదు

గడచిన మాసమున ఉండి గ్రామము నుండి యొక సోదరి వ్రాసిన లేఖ నా కందినది. ఆమె భర్త రొయ్యల చెఱువుల మీద పని చేయువాడు. ఆమె యొక బ్యాటరీ ఆటోను గొని, ఉదయము పిల్లలను భీమవరపు బడులకు జేర్చి, మధ్యాహ్నము బజారు బేరములు చూచుకొని, సాయంకాలము మఱల పిల్లలను వారి వారి యిండ్లకు జేర్చుచున్నది. ఇటీవల బండి వెనుక చక్రము కీచుమనుచున్నదట. ఇంటికి వచ్చి చూచెదనన్న మేస్త్రీ, తాను వచ్చులోపల బ్యాటరీ తీగెలు విప్పి యుంచుమని ఫోనులో చెప్పెనట. "తాళము తీసివేసితిని గదా, బండి చచ్చినట్లే గదా, ఇంక తీగెలు విప్పుట యెందులకు? విప్పవలసియే యున్నచో ఏది ముందు, ఏది వెనుక?" అని యామె ప్రశ్న.

పత్రికలో అచ్చు పడువఱకు ఆమె నాగజాలదు గావున జవాబు వెంటనే వ్రాసి పంపితిని. ఐనను ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు. నేడు మన యిండ్లలో మెట్లక్రింద ఇన్వర్టరు బ్యాటరీ గలదు. వాకిట బ్యాటరీ స్కూటరు గలదు. పెద్ద రైలుస్టేషనులలో వృద్ధులను ప్లాట్‌ఫారము మీద గొనిపోవు బ్యాటరీ కారు, గోల్ఫు అను బంతియాట మైదానములలో ఆటగాండ్రను త్రిప్పు చిన్న బండికి బంధువే. మన భీమవరము చుట్టును వరిచేలును చెఱువులును గాని గోల్ఫు మైదానములు లేవు. కాని ఆ బండి కడుపులో నున్నదే మన ఆటో సీటు క్రిందను గలదు. గోల్ఫు బండిలో 8 వోల్టుల బ్యాటరీలు ఆఱింటిని వరుసగా గలిపి 48 వోల్టులు చేయుట కలదు. మన ఆటోలలో సాధారణముగా 12 వోల్టులవి నాలుగింటిని గలిపి ఆ 48 వోల్టులనే చేయుదురు. లెక్క వేఱు, మొత్తమొకటే.

బ్యాటరీ బండి మన స్త్రీలకు క్రొత్త స్నేహితురాలని తలపరాదు. సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో పెట్రోలు కారును నడుపవలెనన్న ముందు నిలువబడి ఇనుపకడ్డీ త్రిప్పవలసి యుండెడిది. ఆ బాధ లేనందున బ్యాటరీ కార్లను స్త్రీలు మెచ్చుకొనిరి. లోకమునంతయు పెట్రోలు కార్లతో నింపిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా ఫోర్డు తాను మాత్రము 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను బ్యాటరీ కారునే నడుపుకొనుచుండెను! ఇంటాయన వ్యాపారము వేఱు, ఇల్లాలి సౌకర్యము వేఱు.

ఇక ప్రశ్నకు వత్తము. మా వీథిలో బండ్లు బాగుచేయు మేస్త్రీ నొకనిని ఈ సంగతియే యడుగగా, "తాళం తీసేస్తే బండి పడుకుంటుందండి, బ్యాటరీ పడుకోదండి" అనెను. ఇంతకంటె చక్కగా నేను జెప్పజాలను గాని, కారణము మాత్రము వివరింతును. మన కాలువల మీది లాకులు చూచినవారమే గదా. లాకు తలుపులు మూసినంత మాత్రమున ఎగువనున్న నీరు ఇంకిపోదు. దిగువ కాలువ యెండియుండును. ఎగువ నీరు నిండుగా నిలిచియే యుండును. బండి తాళము లాకు తలుపు వంటిది. తాళము తీసినచో మోటారునకు ప్రవాహము నిలుచును. బ్యాటరీ కొనల యొద్ద మాత్రము బలము తగ్గదు. ఇంటి కరెంటునకు మెయిను మీట కలదు; అది దించినచో ఇంటి తీగెలన్నియు నిర్జీవములగును. బ్యాటరీకి అట్టి మీట లేదు. అది లోపలి సీసపు పలకలకును గంధకికామ్లమునకును నడుమ జరుగు రసాయన వ్యాపారము. తీగెలన్నియు విప్పి అరుగు మీద నొంటరిగా కూర్చుండబెట్టినను దాని రెండు కొనల నడుమ ఆ 12 వోల్టులు ఉండనే యుండును.

"12 వోల్టులేకదా, ముట్టుకొన్నను షాకు కొట్టదు" అని పలువు రందురు. అది నిజమే. పొడిచేతితో ముట్టినచో మనకేమియు తెలియదు. ఈ నిజమే మనలను మోసగించుచున్నది. నీటి యెత్తు వేఱు, నీటి రాశి వేఱు. వోల్టు యెత్తు, ఆంపియరు ప్రవాహపు రాశి. బ్యాటరీలో ఎత్తు తక్కువ, రాశి మిక్కుటము. మన పైకప్పు ఫ్యానునకు గావలసిన ప్రవాహము సుమారు ఆంపియరులో మూడవవంతు. అదే పెద్ద బ్యాటరీ రెండు కొనలకు నడుమ ఒక యినుపముక్క అడ్డముగా పడినచో వేయి ఆంపియరులకు మించిన ప్రవాహము ఒక్క క్షణములో దానిగుండ పరుగెత్తవచ్చును. గట్టునకు గండి పడినట్లన్నమాట. ఆ యినుపముక్క యెఱ్ఱగా కాలును, నిప్పురవ్వలు చిమ్మును, ఒక్కొక్కప్పుడు కొనకు అంటుకొని పోవును.

ఆ యినుపముక్క చేతి గాజైనచో?

నా కుడి మణికట్టు మీద అర్ధచంద్రాకారముగ నొక మచ్చ గలదు. ఆఱేండ్ల క్రిందట కార్తికమాసమున మా యింటి ఇన్వర్టరు బ్యాటరీ కొనకు తెల్లని బూజు పట్టియుండగా, మఱ బిగించుటకు పానా పట్టుకొని కూర్చుంటిని. రెండు బ్యాటరీలు ప్రక్కప్రక్కన గలవు. పానా ప్లస్ కొన మీదనుండగా దాని తోక నా బంగారు గాజునకు తగిలినది. ఆ గాజే ప్రక్కనున్న మైనస్ కొనకును తగిలినది. చప్పుడు విన్నట్లు జ్ఞాపకము గలదు. నొప్పి తరువాత వచ్చినది. చేయి వెనుకకు లాగుకొనులోపలనే గాజు చుట్టును చర్మము కాలిపోయినది. మా అత్తగారు పరుగెత్తి వచ్చి వెన్న పూసిరి. అది చేయదగిన పని కాదని ఆసుపత్రిలో తెలిసినది. వాచిన చేతి నుండి గాజు రాక, వైద్యులు దానిని కత్తిరించి తీసిరి. ఆ రెండు ముక్కలు నేటికిని నా బీరువాలో గలవు, కరిగించుటకు మనసొప్పలేదు.

బంగారము విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయు లోహము. ఉంగరము, గాజు, గొలుసు, గడియారపు పట్టెడ, ఇవి చర్మమును చుట్టుకొని యుండును గావున కాలినచో వలయాకారముగ, లోతుగ కాలును. పురుషులకు ఉంగరమొకటి తీసినచో సరిపోవును. మనకో? మెడలో సూత్రములు, నల్లపూసలు, చేతులకు గాజులు, సూత్రపు త్రాటికో గాజునకో వ్రేలాడు పిన్నీసులు! బ్యాటరీ మీదికి వంగినపుడు ముందుగా క్రిందికి జాఱునది నల్లపూసల గొలుసే. ఈ పనులు నేర్పు పుస్తకములలో "నగలు తీసివేయుడు" అని యొక్క ముక్కతో సరిపుచ్చుదురు. వ్రాసినవారికి అత్తగారు లేరు కాబోలు.

గాయము మానిన తరువాత నేను మఱల బ్యాటరీ దగ్గఱకు బోవుచు గాజులు తీయబోగా మా అత్తగారు, "అదేమిటే, సుమంగళివి, చేతులు బోసిగా పెట్టుకుంటావా?" అని కోపించిరి. వాదించుట నా కిష్టము లేకపోయినది. పెట్టె నుండి రెండు డజనుల మట్టిగాజులు తెచ్చి వారికే చూపితిని. గాజు పదార్థము గుండ విద్యుత్తు ప్రవహింపదు. మట్టిగాజులున్న చేయి బోసిచేయి కాదు. బంగారు గాజులు తీసి మట్టిగాజులు తొడిగికొంటిని. సూత్రములను రవికలోనికి దోపి, పైట బిగించి నడుమున జెక్కుకొంటిని. పిన్నీసులన్నియు తీసివేసితిని. ఆమె మఱి మాటాడలేదు. తరువాత రబ్బరు చేతితొడుగులు వేసికొన్నచో మట్టిగాజులు పగిలిన భయమును లేదు. (జరీ యంచు చీర కట్టి ఈ పనికి గూర్చుండరాదు; జరీయు లోహమే.)

ఇప్పుడు పని యొక్క క్రమము. మొదట ఛార్జరు తీగె గోడ నుండి పెఱికి వేయవలెను. ఛార్జగుచుండగా, అందును చివఱి గంటలలో, సీసపు బ్యాటరీ నుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో ఉదజని నూటికి 4 పాళ్లున్నచాలు, నిప్పురవ్వకు భగ్గుమనును. కావున ఛార్జరు తీసినవెంటనే పని ప్రారంభింపక, సీటు ఎత్తి కొంతసేపు గాలి యాడనీయవలెను. మన యిండ్లలో ఇన్వర్టరును మెట్లక్రింద బెట్టి, ఆ ప్రక్కనే దేవుని మందిరము గట్టించి దీపము, అగరువత్తులు వెలిగించుట పెక్కుచోట్ల చూచితిని. దేవుడు రక్షించుచున్నాడు గాని, ఆ దీపమును మఱియొక మూలకు మార్చుట మేలు.

బండిని సమమైన నేలమీద నిలిపి, తాళము తీసి, ఆ తాళపుచెవిని మన కొంగుననే ముడి వేసికొనవలెను. ముందుకు వెనుకకు నడుపు మీటను నడుమ నుంచవలెను. చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టవలెను. పెట్రోలు బండి చప్పుడు చేసి హెచ్చరించును. బ్యాటరీ బండికి చప్పుడు లేదు. పిల్లవాడు ఆటగా త్రొక్కినచో మేస్త్రీ చేయి చక్రములో నుండగనే కదలిపోగలదు. తీగెలు విప్పించుటకు ఇదియు నొక కారణము. గోల్ఫు బండ్లలో కొన్నింటికి సీటు క్రింద, బండిని లాగికొని పోవునపుడు వాడుటకు ప్రత్యేకముగా నొక మీట గలదు. దానిని ఆ వైపునకు త్రిప్పిన తరువాతనే తీగెల జోలికి బోవలెను. ఆటోలో మెయిను మీట యున్నచో దానిని దింపవలెను.

పిదప నేమేమి యెక్కడ గలదో కాగితముమీద బొమ్మ గీసికొనుట మంచిది. ఫోనుతో ఫోటో తీసినను చాలును. నాలుగు బ్యాటరీలు, అయిదాఱు తీగెలు; విప్పునపుడు సులువుగా దోచును, బిగించునపుడు అన్నియు నొక్కటే రంగుగా గనబడును. ప్లస్సు మైనస్సు తాఱుమాఱైనచో బండి మెదడు వంటి కంట్రోలరు ఒక్క క్షణములో కాలును.

పానా చిన్నది కావలెను, ఒక కొన నుండి మఱియొక కొనకు అందనంత చిన్నది. నోరు తప్ప తక్కిన భాగమంతయు నల్ల టేపు రెండు మూడు వరుసలు చుట్టవలెను. మనము విప్పుచున్న కొన తప్ప తక్కిన కొనలన్నింటిని దళసరి రబ్బరు ముక్కతో గాని, ఆఱిన చెక్కపలకతో గాని కప్పవలెను. బ్యాటరీ పైభాగమున పానాగాని, మఱగాని, ఫోనుగాని పెట్టరాదు. ఇది చిన్న మాటవలె దోచును. నా మట్టునకు ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. ఏలయన చేతిలోని దానిని మనము కనిపెట్టుచుందుము, ప్రక్కన బెట్టినదానిని మఱచిపోవుదుము.

ఏది ముందు? మైనస్ ముందు. మొత్తము వరుసలో చిట్టచివఱి మైనస్ కొన నుండి బండిలోనికి బోవు లావు తీగె మొదట విప్పవలెను. పెక్కు కార్లలో మైనస్ కొన బండి యినుప చట్రమునకు గలుపబడి యుండును. అట్టిచోట ప్లస్ ముందు విప్పినచో, పానా ప్రమాదవశమున చట్రమునకు తగిలినంతనే ప్లస్సు నుండి మైనస్సునకు త్రోవ యేర్పడి గండి పడును. మైనస్ ముందు విప్పునపుడు పానా చట్రమునకు తగిలినను రెండును ఒకే వైపువి గావున ఏమియు గాదు. మైనస్ ఊడిన తరువాత చట్రమునకు బ్యాటరీతో సంబంధము తెగిపోవును. అప్పుడు ప్లస్ కొన మీది పానా చట్రమునకు తగిలినను భయము లేదు. గోల్ఫు బండ్లలోను, ఆటోలలోను పెక్కింటికి మోటారు బ్యాటరీల మైనస్ చట్రమునకు గలుపరు. అట్లైనచో ఈ క్రమమెందులకని యడుగవచ్చును. ఏ తీగె తోలు ఒఱసికొని చట్రమునకు తగులుచున్నదో పైనుండి కంటికి కనబడదు. మైనస్ ముందు విప్పుటవలన నష్టమేమియు లేదు. అందుచే నన్ని బండ్లకు నొకే అలవాటు చేసికొనుట మేలని నా యభిప్రాయము. బిగించునపుడు తలక్రిందులు: ప్లస్ ముందు, మైనస్ చివఱ.

విప్పిన తీగె కొనను ఊరక వదలిన దానంతటదే వంగి మఱల కొన మీదికి వచ్చును. దానికి పొడిగుడ్డ చుట్టి, టేపు వేసి, దూరముగా గట్టవలెను. పిదప కొన్ని నిమిషములు ఆగవలెను. కంట్రోలరులో కెపాసిటరు అను చిన్న గిన్నెలు గలవు. బ్యాటరీ తీసినను వానిలో కొంత మిగిలియుండును. మేస్త్రీలు మీటరు పెట్టి, ముల్లు సున్నకు వచ్చినదని చూచిన తరువాతనే చేయి పెట్టుదురు. మీటరు లేని మేస్త్రీ చేత ఆ పని చేయింపరాదు. బ్యాటరీలను బయటికి దింపవలసి యున్నచో అది మన పని కాదు. ఒక్కొక్కటి ఇంచుమించు 30 కిలోలుండును, వంచినచో ఆమ్లము తొలకును.

ఆమ్లము సంగతి. నూలుచీర మీద చుక్క పడినచో అప్పటికేమియు గనబడదు. చాకిరేవు నుండి వచ్చిన తరువాత జల్లెడ కన్నము లగుపడును. చర్మముమీద బడినచో పంపు క్రింద ధారాళముగ నీరు విడువవలెను. కంటిలో బడినచో 20 నిమిషములకు తక్కువగాక నీటితో కడుగుచుండి, ఆలసింపక వైద్యుని కడకు బోవలెను. వంటసోడా నేలమీద తొలకిన ఆమ్లమునకే గాని కంటికిని ఒంటికిని కాదు. కాలినపుడు కూడ చల్లని నీరే. అదియు 20 నిమిషములు. వాపు రాకముందే ఉంగరము, గాజు తీసివేయవలెను, అంటుకొనిపోయినదానిని లాగరాదు. వెన్న, పసుపు, పండ్లపొడి ముద్ద, ఇవేవియు వలదు. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగక పసిపిల్లల నెత్తరాదు, అన్నము ముట్టరాదు, సీసము విషము.

లిథియము బ్యాటరీలున్న క్రొత్త బండ్లకు మూత తెఱచుటయే కూడదు. వానిని అమ్మినవారే చూడవలెను.

ఇన్వర్టరు గలవారికి మఱొక మాట. బ్యాటరీ వైపు కాల్చును గాని, ఇన్వర్టరు నుండి యింటిలోనికి బోవు వైపు 230 వోల్టులు. అది ప్రాణము దీయును. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురము చేరువ తీరము దాటినది. అట్టి రోజులలో మన యిండ్లలో దీపము వెలుగుట యీ పెట్టె పుణ్యముననే. కాని కరెంటు పోయినదనియో, మెయిను దించితిననియో నమ్మి ఫ్యాను విప్పినవానికి ఇన్వర్టరు కరెంటు తగులును. కావున ఎలక్ట్రీషియను నిచ్చెన యెక్కుటకు ముందు మెయినును దింపవలెను, ఇన్వర్టరు మీటను ఆర్పవలెను. బ్యాటరీ తీగెలు విప్పునపుడును అంతే: ఇన్వర్టరు మీట ఆర్పి, గోడ ప్లగ్గు తీసి, పిదప మైనస్.

ఉండి సోదరి వద్దనుండి మొన్న మఱల జాబు వచ్చినది. మట్టిగాజులు తొడిగికొని, తాళపుచెవి కొంగున గట్టికొని, తానే తీగె విప్పినదట. మేస్త్రీ వచ్చి చూడగా వెనుక బ్రేకు అరిగి యినుము ఇనుమును రాయుచున్నదని తేలినది, అరగంటలో మార్చివేసెను. కాని మైనస్ తీగె మఱల తగిలించునపుడు చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వచ్చెననియు, అన్నియు సరిగా చేసితిని గదా, ఏమైనను తప్పు జరిగినదా యనియు భయపడి వ్రాసినది. తప్పేమియు లేదు. ఖాళీయైన ఆ కెపాసిటరు గిన్నెలు ఒక్కసారిగా నిండుటచే వచ్చు రవ్వ యది. అది చిట్టచివఱి కొన వద్ద వచ్చుట సహజమే. అందుచేతనే బిగించునపుడు కూడ సీటు ఎత్తి గాలి యాడనీయవలెను, ఛార్జరు దూరముగా నుండవలెను, ముఖము ప్రక్కకు త్రిప్పి తీగెను తడబడక ఒక్కసారి ఆనించి మఱ గట్టిగా బిగింపవలెను. వదులుగా నున్న మఱ దారిలో వేడెక్కి సీసపు కొననే కరిగించును. పది దినముల తరువాత మఱల నొకసారి బిగించి చూచుకొమ్మని యామెకు వ్రాసితిని. బ్యాటరీలో నీరెప్పుడు, ఏ నీరు, ఎంత పోయవలెనని కూడ ఆమె యడిగినది. అది వచ్చు సంచికలో.